పూరీ బీయన్నార్ హోటలు, మన వాడోళ్లు

మన అభన్‌పూర్ ఛోటీ లైను వేసిన కంపెనీయే పూరీలో సముద్రం ఒడ్డున హోటలు కూడా తెరిచింది. ఈ సంగతి మీలో ఎవరికీ తెలీదు. ఒరే, ఆ గోర్సీ కుంపట్లో ఇంకో రెండు పిడకలు వేసి ఇలా దగ్గరికి జరగండి. అమ్మలూ, నువ్వు నాయనమ్మ శాలువా కప్పుకో. పుష్యమాసపు చలి ఎముకలు కొరికేస్తోంది. ఈ రాత్రికి ఇదే చెబుతాను.

మీరంతా అండమాన్ వెళ్దామని, దీవి మీద సముద్రానికెదురుగా పాతకాలపు హోటల్లో దిగుదామని ఫోన్లో బొమ్మలు చూసుకుంటున్నారు. వెళ్లి రండి. పోర్ట్ బ్లెయిర్‌కి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు గానీ, అక్కడ మన శ్రీకాకుళం వైపు వాళ్లు బోలెడుమంది ఉన్నారు, తెలుగు వినబడుతూనే ఉంటుంది. కానీ ఈ ఇంట్లో పుట్టినవాళ్లు ముందు తెలుసుకోవాల్సిన సముద్రపు హోటలు పూరీలో ఉంది. దాన్ని నేను వెనకవైపు నుంచీ చూశాను, ముందువైపు నుంచీ చూశాను.

ముందు కంపెనీ సంగతి. బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో పుట్టింది. మనవాళ్ల నోట్లో అది బీయన్నార్. నాగపూర్ నుంచి ఛత్తీస్‌గఢ్ దాకా అప్పటికే ఉన్న మీటర్ గేజి లైనుని తీసుకుని పెద్ద లైను చేసి, బిలాస్‌పూర్ మీదుగా బెంగాల్ వైపు పట్టుకుపోయారు. 1900లో రాయ్‌పూర్ నుంచి ధమ్తరీకి రెండున్నర అడుగుల ఛోటీ లైను వచ్చింది. ధమ్తరీ వైపు నుంచి బియ్యం, అడవి కలప దిగేవి. రాజిమ్ వెళ్లే కొమ్మ మన దగ్గర చీలింది కాబట్టి అభన్‌పూర్ జంక్షన్ అయింది. అటు తూర్పు తీరంలో పూరీకి 1897లోనే రైలొచ్చింది. 1902లో వాల్తేరు నుంచి కటక్ దాకా ఉన్న లైను, ఆ పూరీ కొమ్మతో సహా, బీయన్నార్ చేతికొచ్చింది. ఇక 1931లో పార్వతీపురం వైపు నుంచి రాయ్‌పూర్‌కి లైను కలిసింది. మా తాత ఆ లైను మీద కంకర మోసిన మనిషి. బొబ్బిలి దగ్గర పల్లె నుంచి పట్టాల వెంటే పనిచేసుకుంటూ వచ్చి, పని అయిపోయాక వెనక్కి పోలేదు. రాయ్‌పూర్‌లో, బిలాస్‌పూర్‌లో, ఖరగ్‌పూర్‌లో ఉన్న రైల్వే తెలుగువాళ్లలో ఏ ఇంటిని కదిపినా ఇంచుమించు ఇదే కథ చెబుతారు.

మా నాన్న అభన్‌పూర్‌లో పాయింట్స్‌మన్. రాజిమ్ బండికీ ధమ్తరీ బండికీ దారి మార్చే కాంటా ఆయన చేతిలో ఉండేది. వానలో, ఎండలో, అర్ధరాత్రి అయినా సరే, లాంతరు పట్టుకుని వెళ్లేవాడు. ఆ ఉద్యోగానికి జీతం తక్కువే గానీ రైలు పాసు ఉండేది. 1957లో ఆ పాసు మీద మమ్మల్ని పూరీ తీసుకెళ్లాడు. అప్పటికి బీయన్నార్ పోయింది. 1944లో సర్కారు తీసుకుంది, 1955 ఆగస్టు నుంచి సౌత్ ఈస్టర్న్ రైల్వే అయింది. అయినా ఆ పేరు మా క్వార్టర్లలో ఎవరూ వదల్లేదు. పూరీలో ఇవాళ్టికీ రిక్షా ఎక్కి బీయన్నార్ హోటలు అంటే చాలు.

ఛోటీ లైను మీద రాయ్‌పూర్, అక్కడ్నుంచి విజయనగరం పాసింజరు. మహాసముంద్, ఖరియార్ రోడ్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం, బొబ్బిలి. బొబ్బిలిలో అమ్మ కిటికీ దగ్గరే కూర్చుండిపోయింది. ప్లాట్‌ఫారం మీద అమ్మేవాళ్లు, తిట్టుకునేవాళ్లు, పిల్లల్ని కేకలేసేవాళ్లు, అంతా తెలుగే. నేను పుట్టి బుద్ధెరిగాక ఇల్లూ మా క్వార్టర్ల వరసా దాటి అంత తెలుగు వినడం అదే మొదలు. విజయనగరంలో బండి మారాం. పలాస, ఇచ్ఛాపురం, బరంపురం దాటేసరికి తెల్లవారుజాము. రంభ దగ్గర నాన్న లేపాడు. రైలు చిలికా సరస్సు ఒడ్డునే పోతోంది. నీళ్లలో కొండలు. ఆ నీళ్ల మధ్య దీవి మీద కాళీజాయి అమ్మవారి గుడి ఉందని, అత్తవారింటికి పోతూ పడవ మునిగి చనిపోయిన పెళ్లికూతురే అక్కడ అమ్మవారయిందని ఎదుటి బెంచీ మీది ముసలమ్మ చెప్పింది. అమ్మ చేతులు జోడించింది. ఖుర్దారోడ్‌లో మా మేనమామ ఎదురొచ్చాడు. ఆయన అక్కడ లోకోషెడ్‌లో ఫిట్టరు. హోటల్లో పనిచేసే ఒక బేరర్‌తో స్నేహం ఉండటం వల్ల, హోటలు వెనక పనివాళ్ల గదుల్లో ఒకదాంట్లో మాకు చోటు కుదిర్చాడు.

అలా మేం బీయన్నార్ హోటలుకి వెళ్లాం. అది 1925లో తెరిచిన హోటలు. చక్రతీర్థ రోడ్డు మీద ఉంటుంది. కలకత్తా దొరలు ఎండలకి తాళలేక ఇక్కడికొచ్చేవారు. స్వరాజ్యం వచ్చాక పెద్ద రైల్వే ఆఫీసర్లు, కలకత్తా డబ్బున్నవాళ్లు వచ్చేవారు. రెండంతస్తులు, ఎత్తయిన కప్పులు, ముందువైపు పొడుగాటి వరండా, వరుసగా కేన్ కుర్చీలు. ఇదంతా నేను చెట్ల సందుల్లోంచి చూసిందే. పాయింట్స్‌మన్ కొడుక్కి ఆ వరండా మీద ఏం పని?

మేం ఉన్నది వెనకవైపు. అక్కడ చూడాల్సినంత ఉంది. తెల్లారి నాలుగింటికే బొగ్గుపొయ్యిలు రాజేసేవారు. దొరసానులకి మంచం దగ్గరికే టీ వెళ్లాలి గదా. కెటిల్‌కి గుడ్డ టోపీ తొడిగి, ట్రేలో రెండు బిస్కెట్లు పెట్టి, బేరర్లు చెప్పుల చప్పుడు రాకుండా మెట్లెక్కేవారు. ఉప్పుగాలికి ఇత్తడి ఒక్క రోజులో నల్లబడిపోతుంది. అందుకని రోజూ పొద్దున్నే ఒక కుర్రాడు పెరట్లో గొంతుకూర్చుని చింతపండు, బూడిద పెట్టి బిళ్లలు, గుండీలు, తలుపుల గడియలు తోమేవాడు. నేనూ పక్కన కూర్చుని తోమేవాణ్ణి. బేరర్ల తలపాగాలు గంజి పెట్టి మోకాలి మీద చుట్టి, కుచ్చు నిలబెట్టి, ఆరాక ఒక్కొక్కటిగా మేకులకి తగిలించేవారు. రాత్రి మిగిలిన పుడింగు మాకు దొరికేది. కోడిగుడ్లు, పాలు, మాడ్చిన పంచదార. అమ్మ నాలిక మీద పెట్టుకుని, మన జున్నులా ఉందిరా, దీనికి ఇంత పేరెందుకు అంది.

అసలు చెప్పదలుచుకున్నది ఇప్పుడు.

రెండోరోజు పొద్దున్న సముద్రానికి వెళ్లాం. పూరీ సముద్రంలో ఊరికే దిగిపోవడానికి వీల్లేదు. ఒడ్డు ఒక్కసారిగా లోతవుతుంది. కెరటం ముందుకొచ్చేటప్పుడు కొట్టేది ఒక దెబ్బ. వెనక్కిపోయేటప్పుడు కాళ్లకింద ఇసక లాక్కుపోయేది ఇంకో దెబ్బ. చాలామందిని తీసుకుపోయేది ఆ రెండోదే. అందుకని హోటలు వాళ్లు దిగేముందు నోలియాల్ని పిలుస్తారు. నెత్తిన మొనదేలిన తెల్లటోపీ, దాని మీద అంకె, నడుముకి గోచీ. దొరగారిని ఒక చేత్తో, దొరసానిని ఒక చేత్తో పట్టుకుని కెరటంలోకి తీసుకెళ్లి మళ్లీ ఒడ్డుకి చేరుస్తారు. కూలి తీసుకుంటారు.

మాకు నోలియాని పెట్టుకునే స్తోమతు లేదు. నాన్న మోకాళ్ల లోతులో నిలబడి నా చెయ్యి పట్టుకున్నాడు. పెద్ద కెరటం రావడం నేను చూడలేదు. నీళ్లు నోట్లోకి, ముక్కులోకి పోయాయి, నాన్న చెయ్యి జారిపోయింది, ఆకాశం ఎటుందో తెలీలేదు. జుట్టు పట్టుకుని ఎవరో పైకి లాగారు. కళ్లు తెరిచేసరికి ఇసకలో బోర్లా ఉన్నాను, వీపు మీద ఒక చెయ్యి తడుతోంది. ఆ మనిషి నన్ను తిడుతున్నాడు. తెలుగులో తిడుతున్నాడు!

"కెరటానికి ఎదురు నిలబడతావేట్రా? తల వంచి దాని కిందకి దూరాల. లేదంటే పక్కకి తిరిగి ఎగరాల. ఎదురు నిలబడితే అది నిన్ను ఒగ్గుద్దా?"

అమ్మ పరుగెత్తుకొచ్చి నన్ను పట్టుకుని ఏడుస్తూ, ఏడుపు మధ్యలోనే ఆగి అడిగింది. "అన్నా, మీది ఏ ఊరు?"

"ఇదే ఊరమ్మా. పెంఠకట. మా తాతలది కళింగపట్నం పక్క. మీదేటి?"

"బొబ్బిలి దగ్గర. ఇప్పుడుండేది రాయ్‌పూర్ పక్కన."

అంతే. అమ్మ ఆయన్ని అన్నా అని పిలిచింది కాబట్టి మాకు ఆయన మావయ్య అయిపోయాడు. నాన్న రూపాయి ఇవ్వబోతే, చెల్లెలి కొడుకుని లాగినందుకు కూలేటి బావా అన్నాడు. ఆ సాయంత్రమే మమ్మల్ని వాళ్లింటికి తీసుకెళ్లాడు.

పెంఠకట హోటలుకి తూర్పుగా, ఒడ్డు వెంబడి కొంత దూరం నడిస్తే వస్తుంది. ఒరిస్సాలో, జగన్నాథుడి ఊళ్లో, ఆ బెస్తవాడంతా తెలుగే. వాళ్లు వాడబలిజలు, మన వైపు వాడోళ్లంటాం. శ్రీకాకుళం, విశాఖ తీరం నుంచి చేపల వెంట, పడవల పనుల వెంట తరతరాలుగా పైకి వచ్చి స్థిరపడ్డవాళ్లు. ఒరియా వాళ్లు నోలియాలంటారు. రేవు కట్టని ఊరు కాబట్టి, పూర్వం ఓడలు దూరంగా లంగరేస్తే, కొబ్బరితాళ్లతో పలకల్ని కుట్టిన మసూలా పడవల్లో సరుకు ఒడ్డుకి చేర్చేదీ వాళ్లే. మేకు కొట్టిన పడవ కెరటం దెబ్బకి పగిలిపోతుందట. కుట్టిన పడవైతే దెబ్బకి సాగి తట్టుకుంటుందట. మావయ్య దగ్గర ఉన్నది తెప్ప. చెక్కిన దుంగల్ని పక్కపక్కన పెట్టి తాళ్లతో బిగిస్తారు. మడమ దుంగకి తన్నిపెట్టి, వెనక్కి వాలి, ఒళ్లు బరువంతా వేసి తాడు లాగేవాడు. వేట నుంచి రాగానే ముడులు విప్పి దుంగల్ని విడివిడిగా ఇసక మీద ఆరబెడతారు. లేకపోతే నీరు పీల్చి బరువెక్కిపోతాయి. మళ్లీ తెల్లారకముందే కట్టుకోవాలి. ప్రతిరోజూ విప్పడం, ప్రతిరోజూ కట్టడం. ముడి వేసేటప్పుడు మావయ్య మాట్లాడేవాడు కాదు. మధ్యలో మాట్లాడిస్తే ఊరుకునేవాడూ కాదు.

ఆ రాత్రి వాళ్లింట్లో చేపల పులుసు తిన్నాం. చింతపండు, వెల్లుల్లి, ఎండుమిరపకాయ. అమ్మ చేసే పులుసే. సముద్రానికి ఇంత దూరంలో అమ్మ చెరువు చేపతో చేసేది, వాళ్లు అప్పుడే వలలోంచి తీసిన చేపతో చేశారు. హోటలు వరండా మీద ఆ పూట ఏం వడ్డించారో నాకు తెలీదు. నాకు దాని మీద ఆశ కూడా పోయింది.

తిరిగొచ్చాక మా నాయనమ్మ ఊరుకోలేదు. పూరీ జగన్నాథుణ్ణి చూసినవాళ్లు రాజిమ్‌లో రాజీవలోచనుణ్ణి చూస్తేనే యాత్ర పూర్తయినట్టని ఇక్కడి మాట. ఆవిడ ఇక్కడే స్థిరపడిపోయింది కాబట్టి ఆ మాట ఆవిడకీ వేదం. కొమ్మ బండెక్కి రాజిమ్ వెళ్లాం. అక్కడ మహానది, పైరీ, సోండూర్ కలిసేచోట, నది మధ్యలో కులేశ్వరుడి గుడి. వానాకాలంలో నీళ్లు పొంగితే ఆ గుడి దీవి అయిపోతుంది. ఎత్తయిన రాతిగద్దె మీద కట్టారు కాబట్టి చెక్కు చెదరకుండా నిలబడుతుంది. మహానది పుట్టింది ధమ్తరీ అవతల సిహావా కొండల్లో. రాజిమ్ దాటి, కటక్ దాటి, చివరికి పూరీ ఎగువన ఆ సముద్రంలోనే కలుస్తుంది. ఈ సంగతి నాన్న చెప్పాక, నేను గుడి మెట్ల మీద కూర్చుని మావయ్య పేరు తలచుకుని నీళ్లలో ఒక పువ్వు వేశాను.

తర్వాత నేనూ రైల్వేలోనే చేరాను, గార్డునయ్యాను. 1980ల నాటికి ఆ హోటలుకి మాలాంటి ఉద్యోగస్తులు కూడా డబ్బు కట్టి దిగగలిగే రోజులొచ్చాయి. అప్పటికీ దాన్ని రైల్వేయే నడుపుతోంది. మా అమ్మని, మీ నాయనమ్మని తీసుకుని వెళ్లాను. ఈసారి ముందు మెట్లెక్కాం.

గదులు పెద్దవి, మంచాలు బరువైనవి, చెక్కమెట్లు పాతబడి కిర్రుమనేవి. గది అద్దెలోనే భోజనాలు కలిసి ఉండేవి. సూపు, చేప, మాంసం కూర, చివర అదే పుడింగు, ఒకదాని తర్వాత ఒకటి. బేరర్లకి అవే తలపాగాలు. కుచ్చు నిలబెట్టడానికి ఎంత గంజి పట్టిందో నేను కళ్లతో కొలవగలిగేవాణ్ణి. వడ్డించిన పెద్దాయనతో, మీ పెరట్లో ఇత్తడి తోమిన చెయ్యి ఇది అని చెబితే, ఆయన కళ్లు మెరిశాయి. తర్వాత ఇంకో పుడింగు తెచ్చి అమ్మ ముందు పెట్టాడు. అమ్మ వరండాలో కేన్ కుర్చీలో కూర్చుని సముద్రం వైపు చూస్తూ, "మా అన్న ఉన్నాడో లేడో కనుక్కోరా" అంది.

పెంఠకట వెళ్లాం. మావయ్య లేడు. వాళ్లబ్బాయి ఉన్నాడు, వరసకి నాకు బావ. తండ్రి టోపీ అతని నెత్తి మీద ఉంది. అమ్మని చూసి, అత్తా అని కాళ్లకి దణ్ణం పెట్టాడు. మర్నాడు డెబ్భై ఏళ్ల మా అమ్మని ఒక చేత్తో, మీ నాయనమ్మని ఒక చేత్తో పట్టుకుని కెరటంలో దింపాడు. అమ్మ భయపడలేదు. కెరటం వచ్చినప్పుడల్లా, తల వంచండత్తా అని అతను అరవడం, అమ్మ తల వంచడం, లేచి నవ్వడం. ఒడ్డున హోటలు వాళ్లు కొందరు ఆగి మరీ చూశారు.

అప్పటికే పెంఠకటలో ఇళ్లు పెరిగాయి, చేపలు తగ్గాయి. మెల్లగా తెప్పలు పోయి ఫైబర్ పడవలు, మోటార్లు వచ్చాయి. పిల్లలు బళ్లో ఒరియా చదువుతూ ఇంట్లో తెలుగు మాట్లాడేవారు. ఆ తర్వాత 1999లో పెనుతుఫాను. 2019 మే 3న ఫణి తుఫాను పూరీ దగ్గరే తీరం దాటింది. ఒడ్డునున్న వాళ్ల గుడిసెలు నేలమట్టమయ్యాయి. ఫోన్లు పలకలేదు. కొన్ని రోజుల తర్వాత బావ కొడుకు ఫోన్ చేసి, మనుషులం ఉన్నాం మావయ్యా, కప్పులే లేవు అన్నాడు. మీ నాన్న ఆ రాత్రే డబ్బు పంపాడు. దాని గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరు, మాట్లాడాల్సిన పనీ లేదు. అన్నా అని పిలిచాక అది ఇచ్చిపుచ్చుకునే ఇల్లు అయిపోయింది.

హోటలు ఇప్పుడు ప్రైవేటు వాళ్ల చేతిలో ఉంది. పాత రోజుల గుర్తులు జాగ్రత్తగానే పెట్టుకున్నారని విన్నాను. మంచిదే. మన ఛోటీ లైనేమో ఎత్తేశారు. రాయ్‌పూర్ ఊళ్లో దాని దారి మీద ఇప్పుడు పెద్ద రోడ్డు వేశారు. 2025 మార్చి 30న మందిర్ హసౌద్ మీదుగా అభన్‌పూర్‌కి పెద్ద లైను మీద మెమూ వచ్చింది. నాన్న నడిపిన కాంటా ఎక్కడ ఉండేదో మీకు చూపిద్దామన్నా గుర్తు మిగల్లేదు. కానీ ఆ హోటలు తీరాన మనుషుల్ని కెరటంలోంచి లాగిన చేతులు మన భాషవాళ్లవని మాత్రం మీరు తెలుసుకోవాలి. దొరలు రాసుకున్న యాత్రల్లో వాళ్లు టోపీ మీద అంకెలే. మనకి మాత్రం వరస తెలుసు.

కాబట్టి అండమాన్ వెళ్లండి, కానీ దానికి ముందు ఒకసారి పూరీ వెళ్లండి. ముందు మెట్లెక్కి ఆ హోటల్లో దిగండి, వరండాలో కూర్చోండి, పుడింగు తినండి. సముద్రంలో మాత్రం మీ అంతట మీరు దిగొద్దు. టోపీ పెట్టుకున్న మనిషిని పిలిచి తెలుగులో ఊరడగండి, అడిగిన కూలి బేరమాడకుండా ఇవ్వండి. పెంఠకటలో బావ కొడుకు ఇల్లు మీ నాన్నకి తెలుసు. చేతులూపుకుంటూ వెళ్లకండి. ఇక్కడి కొత్త బియ్యం ఒక బస్తా తీసుకెళ్లండి.